కీర్తన పెళ్లి ఫోల్డరు

సుబేదారిలో మా పెళ్లి వీడియోల స్టూడియోకు వచ్చి సుందర్ రావు ఎవరని అడిగితే ముందు గదిలో వాళ్లకు చప్పున తట్టదు. "ఎడిటింగన్న" అంటే మాత్రం లోపలి గది చూపిస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఆయన ఉండేది ఆ గదిలోనే. నేను పద్మలతను, పక్క కుర్చీలో కూర్చుని ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఈ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మాట కాస్త దురుసుగా వస్తే ఏమీ అనుకోకండి. అనుకున్నా నాకు పోయేదేం లేదు.

మా ఓనరు హరికృష్ణ రెండేళ్ల కింద హార్డ్ డిస్కులు కొనడం మానేసి క్లౌడ్ పెట్టించాడు. అప్పటినుంచి కంప్యూటర్‌లో కొత్తగా ఒక డ్రైవు కనబడుతుంది. వీడియోలు అందులో వేస్తే చాలు, వాటంతట అవే ఇంటర్నెట్‌లో పైకి వెళ్లి భద్రంగా ఉంటాయి. ఇది ఆయన చెప్పింది. చెప్పనిది ఏమిటంటే, పైకి వెళ్లేదాకా అవి ఉండేది మా కంప్యూటర్ సి డ్రైవులోనే, క్యాష్ అనే దాచిన ఫోల్డరులో. వెళ్లాక కూడా అక్కడ కాపీ మిగిలే ఉంటుంది. పదిహేను రోజులకోసారి సి డ్రైవు నిండిపోయి ఎర్రగీత పడేది, ఎడిటింగ్ ముందుకు కదిలేది కాదు. అప్పుడు సుందరన్న ఫైళ్లను పైకి పంపే సింక్ ప్రోగ్రామును మూసేసి, క్యాష్ ఫోల్డరు ఖాళీ చేసి, మళ్లీ తెరిచేవాడు. ఫైళ్లు అప్పటికే పైకి చేరి ఉండేవి కాబట్టి ఏమీ పోయేది కాదు.

మాకింకో అలవాటు ఉంది. కెమెరా కార్డు కాపీ అయిందో లేదో, ఫార్మాట్ కొట్టి ఖాళీ చేసేయాలి. ముహూర్తాల రోజుల్లో అదే కార్డు పొద్దున ఒక పెళ్లికి, సాయంత్రం ఇంకో రిసెప్షన్‌కు తిరుగుతుంది.

మొన్న మే నెలలో సుందరన్న కూతురు కీర్తన పెళ్లి, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర వాళ్ల ఊరి చర్చిలో. వాళ్లలో తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని, గుమ్మం నుంచి పాస్టరు ముందుదాకా నడిపించి పెళ్లికొడుక్కి అప్పగిస్తాడు. ఎంతమంది తండ్రుల నడకను ఆయన స్లో మోషన్‌లో పెట్టి పాట వేశాడో! తన వంతు కోసం కొత్త కోటు కుట్టించుకున్నాడు. కెమెరామన్‌ను పంపిస్తానని హరికృష్ణ మాటిచ్చాడు. తీరా ఆ రోజు తెల్లారేసరికి ఆ కెమెరామన్ నెక్కొండలో ఎవరో పెద్దమనిషి ఇంటి పెళ్లికి వెళ్లిపోయాడు.

"జర సమజ్ చేస్కో సుందరన్నా. కెమెరా పంపుతాన. నీకంటె మంచిగ ఎవడు తీస్తడే?" అన్నాడట ఫోనులో.

అంతే, ఈయన సరే అన్నాడు! బామ్మర్ది ఫ్రాన్సిస్ ఆ కొత్త కోటు తొడుక్కుని కీర్తన చెయ్యి పట్టుకున్నాడు. కన్నతండ్రేమో కెమెరా పట్టుకుని వాళ్లకు ఎదురుగా వెనక్కి నడిచాడు. కీర్తన మొహం ముడుచుకుంటే, "నవ్వు బిడ్డా. నేను ఎడిటింగుల కూసోని తీరిగ్గ చూస్కుంట" అన్నాడట. ఆయన భార్య ప్రమీలక్క చెప్తే విన్నాను. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకు మాత్రం కోపం రాలేదు, అదే ఆయన ఖర్మ.

సోమవారం పనిలోకి వచ్చి, క్లౌడ్ డ్రైవులో కీర్తన పేరుతో ఫోల్డరు పెట్టి, అందులో అన్నీ వేసి, కార్డు ఫార్మాట్ కొట్టి ఇచ్చేశాడు. తెరిచి చూసుకోవడానికి తీరిక దొరకలేదు. మా దగ్గర సొంతవాళ్ల పని ఎప్పుడూ చివరికే. నెక్కొండ పెళ్లి ట్రైలరు ముందు పోవాలి. అది ఇంకో కంప్యూటర్ నుంచి పైకి వెళ్తోంది, నెట్ ఈడుస్తోంది. సుందరన్న టీకి వెళ్లినప్పుడు హరికృష్ణ వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"దీన్ల నుంచి ఏం పోతాంది పద్మా?"

"కీర్తన పెండ్లి సార్."

"మనోళ్లదే గదా, తర్వాత పోతది తియ్" అని దాని అప్‌లోడ్ ఆపేశాడు.

నేను విన్నాను. సుందరన్న తిరిగి వచ్చాక చెప్పలేదు. అదొక చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం ఎర్రగీత పడింది. పాపం, ఆయన కీర్తన ఫోల్డరు తెరిచి చూశాడు కూడా. క్లిప్పులన్నీ వరసగా కనిపించాయి. కనిపిస్తే పైన ఉన్నట్టేనని మా అందరి నమ్మకం. ఎప్పటిలాగే ప్రోగ్రాము మూసి, క్యాష్ ఖాళీ చేసి, మళ్లీ తెరిచాడు. నెక్కొండ పెళ్లి ఉంది, అంతకుముందు పెళ్లిళ్లన్నీ ఉన్నాయి. కీర్తన ఫోల్డరులో ఒక్క క్లిప్పు లేదు.

"పద్మా, నెట్ వస్తలేదా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను, సారు అప్‌లోడ్ ఆపిన సంగతి. దాన్ని మళ్లీ ఎవరూ మొదలుపెట్టలేదు, ఉన్న ఒక్క కాపీ క్యాష్‌తో పాటే పోయింది. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటికే వేరే పనికి తిరిగొచ్చిన కార్డు మీద, చెరిగినవి వెతికే రికవరీ నడిపిస్తే ఎవరిదో రిసెప్షన్‌లో ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్లు వచ్చారు. చుట్టాల ఫోన్లలో భోజనాలు, బయట వేసిన టెంటు తప్ప చర్చిలోపలిది ఏమీ లేదు. ఫ్రేముకు అడ్డం వస్తున్నాయని అందరి ఫోన్లూ కిందికి దింపించింది సుందరన్నే.

హరికృష్ణ వచ్చి తల గోక్కున్నాడు. "అరె, చూస్కోవద్దానే? సరే, ఫికర్ చెయ్యకు. ఖాళీ దొరికినప్పుడు అందర్ని మళ్ల తయారు చేస్కోని రాండ్రి, ఇంకోసారి నడిపిచ్చి తీద్దాం."

"మీ బిడ్డ పెండ్లైతె గిట్లనే అంటరా సార్?" అన్నాను.

"నీ పని నువ్వు చూస్కో."

సుందరన్న నెక్కొండ పెళ్లి తెరిచి కూర్చున్నాడు.

మర్నాడు కీర్తన తల్లితో కలిసి స్టూడియోకు వచ్చింది. ప్రమీలక్క గుమ్మంలోనే ఏడ్చేసింది. కీర్తన ఏడవలేదు. తండ్రి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పోతె పోయింది తియ్ డాడీ. అందరికంటె దగ్గరికెల్లి చూసింది నువ్వే గదా. నేను నడిచొస్తాంటె ఎట్లున్ననో నువ్వే చెప్పు."

సుందరన్న మౌస్ వదిలాడు. "నీ ఎన్క కిటికీలకెల్లి వెలుతురు కొడ్తాండె. మొకం నల్లగ వస్తాందని కెమెరాల వెలుగు జర పెంచిన. గప్పటికే బ్యాటరీ రెండు గీతలే ఉండె..."

"గది కాదు డాడీ. నేను. నేనెట్లున్న?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్లు చిట్లించాడు.

"ఫోకస్ మంచిగనే ఉండె బిడ్డా" అన్నాడు.