సూదత్త నీలం సుద్దముక్క

పిల్ల నీళ్ళలో పడితే ఆ చప్పుడు నాకు వినపడదు.

ఊహించి చెబుతున్న మాట కాదిది, పరీక్ష చేసి చూశాను. మా అమ్మాయి బరువు పదిహేను కిలోలు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో సరిగ్గా అంతే బరువు నీళ్ళు పోసి, పిడికి తాడు కట్టి నా భార్య చేతికిచ్చాను. "నేను లోపల స్టవ్ మీద టీ పెట్టి గిన్నెలు కడుగుతుంటాను. నీకు తోచినప్పుడు దీన్ని పడవ మీంచి వదిలెయ్" అన్నాను. గిన్నెలన్నీ కడిగాను. తుడిచి అరలో సర్దాను. టీ కూడా పొంగింది. అప్పుడావిడ మెట్ల దగ్గర తొంగిచూసి, "మూడుసార్లు పడేశాను. నువ్వు పాట కూడా ఆపలేదు" అంది.

అప్పటికి మేము ఆ రేవుకొచ్చి రెండో రోజు.

మాది ముప్ఫై నాలుగు అడుగుల తెరచాప పడవ. నేను, నా భార్య, మేము పిడుగు అని పిలుచుకునే నాలుగేళ్ళ కూతురు ఎనిమిది నెలలుగా అందులోనే కాపురం ఉంటున్నాం. పడవ నడిపేది నా భార్య. వాళ్ళ నాన్న లాంచీ నడిపేవాడు. పెళ్ళికి ముందే నాతో, "ఎప్పటికైనా సొంత పడవలో పోతాను. వస్తావా, రావా?" అని అడిగిన మనిషి ఆవిడ. నేను పట్టీలు, తాళ్ళు, ప్లాస్టిక్ ముక్కలు ఎంత లాగితే తెగుతాయో కొలిచే ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. గాలి, ఇంజను, దారి ఆవిడ చూసుకుంటుంది. వంట, ఉతుకుడు, పిల్ల నా వంతు.

రేవులో ఆగితే విశ్రాంతి అనుకుంటారు చాలామంది. పొద్దున్నే లేచి, పోటుకి పైకి లేచిన పడవకి తాళ్ళు వదులు చేయాలి. మళ్ళీ నీళ్ళు దిగితే బిగించాలి. జెట్టీ కొళాయికి గొట్టం తగిలించి ట్యాంకు నింపాలి. సముద్రంలో ఉప్పు తేమ పట్టిన పరుపులు పైకి మోసి ఎండబెట్టాలి. అంచు వెంట ఉన్న తీగల మీద చిన్న చిన్న గౌన్లు, మా బనియన్లు ఆరేసి పిన్నులు పెట్టాలి. ఇంత పనిలోనూ నా ఒక కన్ను పిల్ల మీదే. అంచు చుట్టూ వల కట్టాను. పిల్ల నడుముకి పట్టీ, ఆ పట్టీకి తాడు, ఆ తాడుకి పడవ. అయినా నిద్రపట్టేది కాదు.

వచ్చే దారిలో ఒక ఈదురుగాలికి పెద్ద తెరచాప రెండు బారల మేర చిరిగింది. ఆ గాలిలో నా భార్య పైన ఒంటరిగా చాపతో పెనుగులాడుతుంటే, నేను లోపల పిల్లని కరుచుకుని కూర్చున్నాను. ఏ పనికీ రాలేకపోయాను. రేవు చేరాక చెప్పేశాను.

"నేనూ పిడుగూ ఇక్కడ దిగిపోతాం. నువ్వెవరినైనా తోడు తీసుకుని వెళ్ళు."

ఆవిడ ఇంజను బెల్టు బిగిస్తోంది. తల ఎత్తలేదు. "ఆరు రోజుల్లో గాలి మనవైపు తిరుగుతుంది. తర్వాత పదిహేను రోజులు గట్టు కనిపించదు. తెలుసు కదా?"

"తెలుసు కాబట్టే అంటున్నా."

"తెరచాప బాగయ్యేదాకా ఈ మాట ఎత్తకు. బాగయ్యాక కూడా ఇదే అన్నావంటే నేనొక్కదాన్నే పోను. పడవ అమ్మేద్దాం." అని పానా పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

మర్నాడు చాపని తోపుడుబండి మీద వేసుకుని, పిల్లని వెంటబెట్టుకుని, కుట్టే షెడ్డుకి వెళ్ళాను. రేవులో ఎవరినడిగినా ఒకటే పేరు చెప్పారు: సూదత్త. ఆమెకి అరవై దాటాయి. నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. కుడి అరచేతికి తోలుపట్టీ, దాని మధ్యలో సూదిని నెట్టే ఇనుప బిళ్ళ. తల ఎత్తకుండానే, "చెప్పులు బయట. చాప ఇటు పరుచు. ముడత లేకుండా" అంది.

పరిచాను. పిల్ల ఎక్కడ సూది తొక్కుతుందోనని దాని పట్టీని బల్ల కాలికి తగిలించాను. సూదత్త అప్పుడు తల ఎత్తింది.

"ఏంటయ్యా, నేల మీద కూడా కట్టేశావు? పిల్లా, దూడా?"

"అంబా" అంది పిడుగు వెంటనే.

సూదత్త పగలబడి నవ్వింది. "ఇది నయం. నువ్వే భయపడేలా ఉన్నావు."

చిరుగు వైపు ఆమె వెళ్ళనే లేదు. చాప అవతలి మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క అతుకునీ రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని గట్టిగా లాగుతోంది. బాగున్న చోట ముందుకు జరుగుతోంది. ఇంకో చోట దారం టప్‌మని తెగింది. చొక్కా జేబులోంచి నీలం సుద్దముక్క తీసి అక్కడ గీత పెట్టింది. మళ్ళీ టప్. మళ్ళీ గీత.

"అత్తా, చిరుగు ఇటుంది" అన్నాను.

"కళ్ళున్నవాడెవడికైనా కనిపిస్తుంది. ఇంకా చిరగనిది ఎక్కడుందో చూస్తున్నా."

"ఉన్నవి కూడా తెంపేస్తున్నారే!"

"ఇక్కడ తెగితే ఏమవుతుంది? నేను కుడతా. అక్కడ తెగితే ఎవరు కుడతారు, చేపలా?"

గుడ్డకంటే ముందు దారం ఎందుకు పాడవుతుందో నాకు తెలుసు కదా, ఆగలేకపోయాను. ఎండలో ఏ కిరణాలు ఎంత లోతుకి పోతాయో, పొడవాటి అణువులు ఎలా ముక్కలవుతాయో చెప్పుకొచ్చాను. ఆమె మర్యాదగా చివరిదాకా విని, "ఎండకి దారం కుళ్ళుతుందనడానికి ఇంత చదువా, నాయనా? సరే, ఆ అంచు పట్టుకో" అంది.

అలా మూడు రోజులు అంచు పట్టుకున్నాను. గీతలు లెక్కపెడితే ముప్ఫై ఒకటి తేలాయి. పైకి అందంగా కనిపించే మా చాప ముప్ఫై ఒక్క చోట్ల తెగడానికి సిద్ధంగా ఉందన్నమాట.

కుడుతూ ఆమె తన సంగతులు చెప్పేది. ఒక కంటికి పొర వచ్చింది. సూదిలోకి దారం నాలుకతో తడిమి ఎక్కించేది. ఈ షెడ్డు ఆమె మేనమామది. పదమూడో ఏట వచ్చి చేరితే, ఆయన మూడేళ్ళు కొత్త గుడ్డ ముట్టనివ్వలేదట. పాత చాపల కుట్లు విప్పడమే పని. "తిట్టుకునేదాన్ని. విప్పగా విప్పగా తెలిసింది, ఏ చెయ్యి కుట్టింది ఎక్కడ తెగుతుందో. మామయ్య కుట్టు ఎక్కడ తెగుతుందో కూడా కనిపెట్టా. ఆ రోజు సూది ఇచ్చాడు, మొహం మాడ్చుకుని."

రెండో రోజు అడిగింది. "ఈ పిల్ల ఎప్పుడైనా నీళ్ళలో పడిందా?"

"ఒక్కసారి కూడా లేదు" అన్నాను గర్వంగా.

"అయితే పడితే ఏం చెయ్యాలో దానికి తెలీదు. నీకూ తెలీదు."

ఇలా మాట్లాడే మనిషి జీవితంలో ఏదో జరిగి ఉండాలనిపించింది. గొంతు తగ్గించి, "మీ వాళ్ళెవరైనా... నీళ్ళలో...?" అని ఆగిపోయాను.

సూదత్త సూది ఆపి నా వైపు వింతగా చూసింది. "ఎవరూ పోలేదు. నలుగురు పిల్లలూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఏం, ఎవరో ఒకరు పోతేనే బుద్ధి రావాలా?"

నలభై ఒకటో ఏటి దాకా ఆమెకి ఈత రాదట. చాపలు అమర్చడానికి రోజూ పడవల మీదికి సన్నటి చెక్క దాటి వెళ్ళాలి. రోజూ భయమే. ఒకరోజు పొద్దున విసుగొచ్చి, "ఈ రోజు పడే చూస్తా" అనుకుని, మెట్ల పక్కన మెడలోతు నీళ్ళలోకి, ఒంటిమీది బట్టలతో, చెప్పులతో దూకేసింది. జనం పోగయ్యారు. రేవు క్రేను నడిపే ఆమె భర్త పైనుంచి చూసి, పెళ్ళాం ప్రాణం తీసుకుంటోందనుకున్నాడు. నీళ్ళంటే ఆయనకి బకెట్టు దగ్గరే భయం. దూకలేక క్రేను కొక్కెం దించాడు.

"నెత్తి మీదికి! ఇంత లావు కొక్కెం! నీళ్ళకంటే దానికే పోయేదాన్ని. అందులోంచే తిట్టా, ఆయన్నీ, ఆయన క్రేన్నీ. తిడుతూ తిడుతూ చూసుకుంటే తేలుతున్నా."

నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె నవ్వడం ఆపి చాప మీద చేత్తో తట్టింది. "ఆ ప్రయోగశాలలో నువ్వేం చేసేవాడివన్నావు?"

"పట్టీలు, తాళ్ళూ... తెగేదాకా లాగి..." అని మధ్యలోనే ఆగిపోయాను.

"మరింకేం" అని మళ్ళీ కుట్టుకోసాగింది.

ఇంటికి, అంటే పడవకి, వచ్చి, పిల్లని ఇక్కడే రేవులో నీళ్ళలో పడేసి చూద్దామని నా భార్యకి చెప్పాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "నువ్వే అంటున్నావా? ఎవరైనా అనమన్నారా?"

"రెండూ."

ఐదో రోజు చాప సిద్ధమైంది. ఉదయం పది గంటలకి పోటు నిండి నీళ్ళు కదలకుండా నిలిచే వేళ చూసి సూదత్త వచ్చింది. పడవ పక్కన నా భార్య నీళ్ళలో చేతికందే దూరంలో తేలుతోంది. పిల్లకి రోజూ వేసే గౌను, బూట్లు, లైఫ్ జాకెట్, జాకెట్‌కి ఈల. పడగానే వెల్లకిలా తిరగాలి, ఈల ఊదాలి, నిచ్చెన పట్టుకోవాలి. రెండు రోజులుగా పరుపు మీద ఆడించాం. నేను తాడు పట్టుకుని అంచున నిలబడ్డాను.

"నువ్వెందుకిక్కడ?" అంది సూదత్త. "నిజంగా పడినప్పుడు నువ్వెక్కడుంటావు?"

"లోపల. గిన్నెల దగ్గర."

"అక్కడికే పో. తల్లి ఉంది, నేనున్నా, తాడు నా చేతిలో ఉంటుంది."

వెళ్ళాను. స్టవ్ వెలిగించాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. ఏమీ వినపడలేదు. ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఏడుపు వినపడింది, ఎక్కడో గుడ్డ అడ్డం పెట్టినట్టు. మెట్లు రెండేసి ఎక్కి వచ్చేసరికి పిల్ల తల్లి చంకలో దగ్గుతోంది. జాకెట్ మాత్రం దాని మొహం మీదికి జరిగి ఉంది.

ఈ జాకెట్ కొనేటప్పుడు అది ఎంత బరువు తేల్చగలదో రెండుసార్లు లెక్క వేశాను. లెక్క సరైనదే. జాకెట్ తేలింది. కానీ పిల్ల అందులోంచి కిందికి జారింది. భుజాలు ఇరుకు, నడుము సన్నం. కాళ్ళ మధ్య నుంచి పట్టీ లేదు. జాకెట్ గడ్డం దాటి పైకొచ్చి ముక్కు మూసింది, ఈల నెత్తి మీదికి పోయింది. ఎనిమిది నెలలుగా ఈ జాకెట్‌నే నమ్ముకుని ఉన్నాం.

"చాలు. అయిపోయింది. ఇక వద్దు" అన్నాను.

నా భార్య నీళ్ళలోంచి నన్నే చూస్తోంది. పడవ అమ్మాలా వద్దా అన్న మాట ఆ చూపులో ఉంది.

సూదత్త జేబులోంచి నీలం సుద్దముక్క తీసింది. జాకెట్ వెనక అంచు మీద ఒక గీత, ముందు అంచు మీద ఒక గీత పెట్టింది. "తెగింది దొరికింది కదా, ఇంకెందుకు ఏడుపు? పట్టీ ముక్క ఉందా పడవలో?"

ఉంది. వెడల్పు పట్టీ మూరెడు తెచ్చాను. అక్కడే కూర్చుని, తోలుపట్టీ చేతికి తొడుక్కుని, నాలుకతో దారం ఎక్కించి కుట్టసాగింది. కొస నేను పట్టుకున్నాను. కుట్టు పూర్తయ్యాక జాకెట్ నా చేతికిచ్చి, "లాగు" అంది. లాగాను. "అది లాగడమా? ఉద్యోగంలో ఇలాగే లాగేవాడివా?" ఒక కాలితో తొక్కిపట్టి, ఒళ్ళంతా బిగించి లాగాను. తెగలేదు.

ఈలోగా పిడుగు తువ్వాలు చుట్టుకుని వచ్చి నిలబడింది. "మళ్ళీ పడనా? ఈసారి ఊదుతా" అంది.

ఎవరూ వెళ్ళమనకుండానే నేను లోపలికి వెళ్ళాను. గిన్నె తీసుకున్నాను. పడిన చప్పుడు ఈసారీ వినపడలేదు. అది ఎప్పటికీ వినపడదు. కానీ ఈల వినపడింది. పైనున్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. పక్క పడవలవాళ్ళు బయటికొచ్చారు. నేను పైకొచ్చేసరికి పిల్ల వెల్లకిలా తేలుతూ, నిచ్చెన వైపు కాళ్ళు తన్నుకుంటూ, ఇంకా ఊదుతూనే ఉంది.

"ఇక ఆపవే తల్లీ, క్రేను దింపుతాడు!" అని అరిచింది సూదత్త.

ఆ మధ్యాహ్నం నేనూ నా భార్యా పెద్ద తెరచాపని కొయ్యకి ఎక్కించాం. దిగిపోతానన్న మాట నేను ఎత్తలేదు. ఆవిడా అడగలేదు. "ట్యాంకు నిండా నీళ్ళు పట్టు, పదిహేను రోజులకి" అంది, అంతే. గొట్టం తెచ్చి కొళాయికి తగిలించాను.

భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ గట్టు చేరిన ప్రతిచోటా తాళ్ళు కట్టి, పరుపులు ఎండబెట్టాక, పిడుగు బూట్లతో సహా నీళ్ళలో పడుతుంది, నేను గిన్నెలు కడుగుతాను. నెలనెలా జాకెట్ పట్టీ తొక్కిపట్టి లాగుతాను. మొన్న గ్యాస్ గొట్టం విప్పి సబ్బునీళ్ళలో ముంచి చూశాను. నాకూ ఒక నీలం సుద్దముక్క ఉంది. బయల్దేరే రోజు తాళ్ళు విప్పుతుంటే సూదత్త జెట్టీ మీద నిలబడి, తన జేబులోంచి తీసి నా మీదికి విసిరిన ముక్క అది.

"భయమేసినప్పుడల్లా కూర్చుని లెక్కలేయకు, నాయనా. గట్టు చేతికందేంత దగ్గరలో ఉన్నప్పుడే, పట్టపగలు, గట్టిగా లాగి చూసుకో. తెగితే అక్కడ గీత పెట్టు. కుట్టుకుని బయల్దేరు."