టాకీసులో ఆడవాళ్ల తలుపు

దయ్యాలంటే నాకు నవ్వు. మా అమ్మ అమావాస్యకు గుమ్మడికాయ కొడుతుంటే, కాయ దండగని గొణిగే మనిషిని. అందుకే ఇది చెప్పడానికి నాకే చిరాకుగా ఉంది.

మత్తూరు దగ్గర మా ఊళ్లో ఒక పాత టాకీసు ఉంది. సినిమాలు ఆగిపోయాక మామిడి గోడౌను అయింది. నేను అక్కడ కాయలు ఏరేదాన్ని. లోపల నేల ఇంకా తెర వైపు వాలుగానే ఉంటుంది. ఆడవాళ్ల బెంచీలకూ మగవాళ్ల బెంచీలకూ మధ్య కట్టిన నడుమెత్తు గోడ అలాగే ఉంది. శబ్దం బయటికి పోకూడదని గోడలు మందంగా కట్టి, లోపల గోనెపట్టా కొట్టారు. లోపలున్నవాళ్లు టికెట్ లేని చుట్టాలకు తలుపు తీయకుండా గడియలన్నీ బయటే పెట్టారట. ఆ తెలివికి దండం పెట్టాలి. ఆడవాళ్లకు సందు వైపు వేరే తలుపు ఉంది. దాన్ని ఎవరూ వాడరు, బయట తుప్పు పట్టిన తాళం వేలాడుతుంటుంది.

కాయ మగ్గడానికి లోపలి గుంతలో గడ్డి పొగ పెట్టి, పైన రేకు కప్పి తలుపులు మూసేస్తారు. మూసేముందు వాచ్‌మన్ మునెప్ప గడప బయట చెప్పులు చూస్తాడు. చెప్పులు లేకపోతే లోపల ఎవరూ లేరని లెక్క.

ఆ మధ్యాహ్నం నాలుగేళ్ల మా పాప నాతో వచ్చింది. ముందురోజే కుక్క నా చెప్పు ఒకటి ఎత్తుకుపోతే వెతికి తెచ్చుకున్నాను. ఎందుకొచ్చిన గొడవని ఇద్దరి చెప్పులూ సంచిలో వేసుకుని లోపలికి వెళ్లాను. తెర దగ్గర గంపల చాటున పాప నిద్రపోయింది. లేపుతుండగానే తలుపు పడింది, గడియ చప్పుడు వినిపించింది. అప్పటికే పొగ పెట్టేశారు.

అరిచాను. తలుపు బాదాను. నా అరుపంతా ఆ గోనెపట్టా మింగేసింది. ఆర్పుదామని పొగ గుంత మీది రేకు ఎత్తబోతే చెయ్యి కాలింది, పొగ ఇంకా ఎక్కువైంది. పాప మొదట గట్టిగా దగ్గింది. తర్వాత దగ్గు సన్నబడింది. అప్పుడే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నా బిడ్డ నా చేతుల్లోనే పోతుందనుకున్నాను.

ఉన్నట్టుండి పాప నా కొంగు లాగింది.

"మా, అవ్వ పిలస్తా ఉండాది. ఆడికి రమ్మంటా ఉండాది."

నాకేమీ వినిపించలేదు. పాప నన్ను ఆడవాళ్ల వైపుకు లాక్కుపోయింది. సందు తలుపు మీద చెయ్యి వేశాను. తెరుచుకుంది. బయట ఎండ, సందులో ఎవరూ లేరు.

మా దగ్గు విని మునెప్ప పరుగెత్తుకొచ్చి తల బాదుకున్నాడు.

"చెప్పులు యాడమ్మా? చెప్పులు లేకపోతే నాకెట్ల తెలిసేది?"

తర్వాత వెనక్కి చూశాడు. తలుపు మూసి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. అతను లాగాడు, నేనూ లాగాను. కదల్లేదు.

ఇంట్లో అమ్మ నన్ను తిడుతూనే పాపకు పాలు తాగించింది. అవ్వ ఏమనిందని పాపను అడిగింది.

"బిడ్డతల్లులు ముందర పోండమ్మా, అనింది."

అమ్మ గ్లాసు కింద పెట్టి చెప్పింది. తన చిన్నప్పుడు ఆట అయిపోగానే సందు తలుపు తీసే గేటు అవ్వ ఆ మాటే అనేదట. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆమె సంగతి నేనే ఎప్పుడూ వినలేదు, పాపకెలా తెలుస్తుంది?

ఆ పని మానేశాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ సందులో వెళ్లాల్సి వస్తే మాత్రం, తలుపు దగ్గర నేను ఒక అడుగు ఆగి పాపను ముందు పోనిస్తాను.