తొంభై అయిదుగురికి ముందు మా వదిన

మొన్న మంగళవారం పొద్దున భూపాలపల్లిలో మా వదిన గుండె ఆగి చనిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎంత నెమ్మది మనిషి! ఒక్కనాడన్న ఎదురు మాట్లాడలె." నాకు ఒళ్లు మండిపోయింది. వదిన ఎదురు మాట్లాడింది. మా ఇంట్లోనే ఎవరూ వినలేదు.

తెలంగాణ కోసం కాలేజీలు మూతపడిన రోజులవి. జనగామలో మా కిరాణా దుకాణం వెనక గదిలో వదిన ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదివేది. డిగ్రీలో ఉన్న నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేది. తెలియని ప్రశ్నకు నేను గుడ్డిగా జవాబు పెడితే నెత్తిన మొట్టేది. "తప్పు పెడితే ఉన్న మార్కు గూడ గుంజుకుంటరు పిల్లా. రానిది ఇడిచిపెట్టు. వచ్చినదాన్ని మాత్రం ఎవ్వరికీ ఇడువకు."

ఫలితాలు వచ్చాయి. మా బాపు చూసి నవ్వాడు. "నూటికి నలభై గూడ రాలె. ఇగ చాలు తియ్యి చదువు."

"గవి మార్కులు మామా. పేపర్ కష్టమైతే అందరికీ తక్కువే వస్తయి. ఎంతమంది కన్న ముందున్నమో గదే చూస్తరు. నూరుమంది రాస్తే తొంభై అయిదుగురు నా ఎనకున్నరు."

"ఎనక ఎందరుంటే ఏంది? ముంగట నీ మొగడుండాలె."

మా అన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

హైదరాబాద్‌లోని ఒక కాలేజీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ వారమే ఉద్యమంలో భాగంగా నడిరోడ్డు మీద వంటావార్పు. ఎర్రటి ఎండలో పొయ్యి ముందు కూర్చుని వండింది వదినే. "మా కోడలు!" అని బాపు అందరికీ చూపించి మురిశాడు. ఇంటర్వ్యూ రోజు బంద్ ఉందని, ముందురోజే బయలుదేరుతానని వదిన సంచి సర్దుకుంటే, అదే మనిషి గడపకు అడ్డం నిలబడ్డాడు.

"అందరు రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నీకు సీటు కావాల్నా?"

"రెండూ కావాలె మామా. ఒకటి ఎందుకు ఇడువాలె?"

ఆమెను పోనివ్వలేదు. కోడలు రాష్ట్రం కోసం రోడ్డెక్కితే గర్వం, తన కోసం ఎక్కితే పరువు తక్కువ. ఈ న్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మరుసటి ఏడాదికి ఆ స్కోరు చెల్లలేదు. అప్పటికి వదిన ఒడిలో పసిబిడ్డ.

రాష్ట్రం వచ్చిననాడు బాపు వీధంతా మిఠాయి పంచాడు. వదిన చేయి చాపలేదు. "రాష్ట్రం వచ్చింది, సంతోషమే. నా సీటేది మామా?" అంది. బాపు మిఠాయి డబ్బా పట్టుకుని పక్కింటికి నడిచాడు.

తర్వాత అన్నకు బొగ్గుగని ఆఫీసులో గుమస్తా ఉద్యోగం రావడంతో వాళ్లు భూపాలపల్లికి మారారు. అక్కడ బొగ్గుగని కార్మికుల ఆడపిల్లలను వరండాలో కూర్చోబెట్టి వదిన అదే ఎంబీఏ పరీక్షకు చదివించింది. ఏ తండ్రయినా వద్దంటే వాళ్లింటికి పోయి, ఒప్పుకునేదాకా కొట్లాడేది. నేనూ ఆమె చెప్పిన చదువుతోనే ఎంబీఏ చేసి, ఉద్యోగం చేస్తున్నాను. నా జీతం చూసి బాపు గొప్పలు చెప్పుకుంటాడు. అప్పుడు నాకు మరింత కోపం వస్తుంది.

పోయిన చలికాలం ఆమెను చివరిసారి చూశాను. ఆమె చదివించిన పిల్లలు వరంగల్‌లో పరీక్ష రాయాలి, బస్సు కదలడం లేదు. వదిన బస్సు రేకు మీద దబదబా కొట్టింది. "పరీక్ష నీ చాయ్ కోసం ఆగుతదా అన్నా? తియ్యి బండి!" డ్రైవర్ గ్లాసు పడేసి ఎక్కాడు. బొగ్గు లారీలు లేపిన దుమ్ములో, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా ఆమె బస్సు వెంట నడుస్తూ ఏదో అరుస్తోంది. కిటికీల్లోంచి ఆడపిల్లలు చెవుల దగ్గర చేతులు పెట్టుకుని, వినడానికి బయటికి వంగారు.