ఆవిడ చెవితో చదివిన నా కోడ్

నలుగురిలో అన్న మాటను నేను మర్చిపోను. ఆక్లాండ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ప్రోగ్రామర్ అంది: "నీ కోడ్‌లోకి వెళ్తే బయటికి దారి దొరకదు. మళ్ళీ రాయి."

ఆవిడకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటర్ గొంతు చదువుతుంటే హెడ్‌ఫోన్‌లో విని పనిచేసేది. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఆ కోడ్‌ను ఆవిడ ఒప్పుకుంటేనే నా ఉద్యోగం నిలుస్తుంది.

ట్యాంకర్ పశువుల ఫామ్‌కి వెళ్ళినప్పుడు అక్కడి పాలు తీసుకోవాలా వద్దా అని తేల్చే ప్రోగ్రాం అది. పాలు చల్లగా ఉంటే, వాసన బాగుంటే, పరీక్షలో పశువులకిచ్చిన మందుల జాడ లేకపోతే, ట్యాంకర్‌లో చోటుంటే... ఒక షరతు కడుపులో ఇంకొకటి పెట్టి రాశాను. ఒక్కో వరుసా కాస్త కుడికి జరుగుతూ, తెర మీద మెట్లు కట్టినట్టు ముచ్చటగా ఉండేది. ఆ ముచ్చట కనపడదు కాబట్టే ఆవిడకు నచ్చలేదనుకున్నాను.

ఊరి శివార్లలో, పాపకూరలోని మా ఫ్లాట్‌కి వచ్చి మా ఆవిడతో మొర పెట్టుకున్నాను. ఆమె వృద్ధుల రెస్ట్ హోమ్‌లో నర్సు, డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది.

"మార్చేస్తే పోయేదేముందండీ?"

"అందరి ముందూ అనాలా?"

"మా బాబాయి కాఫీ ఇవ్వలేదని పెళ్ళిరోజు నుంచీ చెప్తున్నారుగా. ఈవిణ్ణి కూడా ఆయన వెనకాల లైన్లో నిలబెట్టండి."

మర్నాడు తేల్చుకుందామనే వెళ్ళాను. ఆవిడ వాదించలేదు. హెడ్‌ఫోన్ తీగ లాగేసింది. స్పీకర్లోంచి వచ్చింది భాషలా లేదు, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంది. నా కోసం వేగం తగ్గించింది. ఉంటే, ఉంటే, ఉంటే అని చదివి, చివర్లో లేకపోతే, లేకపోతే అంటుండగా ఆపింది.

"తెర చూడకుండా చెప్పు. ఈ 'లేకపోతే' దేనిది?"

"వాసనది."

"కాదు, మందుల పరీక్షది. వాసనది ఇంకా రాలేదు."

తర్వాత యంత్రం సాయం లేకుండా, మొదటి షరతు నుంచి చివరిదాకా, ఏ దారిన పోతే పాలు ఏమవుతాయో మొత్తం అప్పజెప్పింది. రాసిన నా తలలో లేనిది, విన్న ఆవిడ తలలో చెక్కుచెదరకుండా ఉంది.

"అంతా అర్థమైందిగా, మరెందుకు మార్చమన్నారు?"

"నా కోసం కాదు. పాలు ఎందుకు తీసుకోలేదని రైతు ఫోన్లో అరుస్తుంటే, కంగారులో దీన్ని తెరిచేవాడి కోసం. వద్దనేవన్నీ ముందు చెప్పి పంపించెయ్."

అలాగే రాశాను. పాలు వెచ్చగా ఉన్నాయా, వద్దు, అక్కడితో సరి. వాసన తేడాగా ఉందా, వద్దు, అక్కడితో సరి. మందుల జాడ, ట్యాంకర్‌లో చోటు కూడా అంతే. అన్నీ దాటినవాటికి చివర ఒక్క వరుస: తీసుకో. చూడ్డానికి కిరాణా చీటీలా వెలవెలబోయింది. ఆవిడ ఆ చిటపట వేగంలోనే విని, ఎక్కడా ఆపలేదు.

"ఇతన్ని ఉంచుకోండి. మాట వింటాడు, కాకపోతే ముందు అలుగుతాడు," అని మేనేజర్‌తో చెప్పింది. ఉద్యోగం నిలిచింది. ఆ రెండో ముక్కను మాత్రం నేనింకా క్షమించలేదు.

ఆ మధ్యాహ్నం నా బల్ల దగ్గర కళ్ళు మూసుకుని, పాత కోడ్‌ను తలలో నిలుపుకోబోయాను. మూడో షరతుకు వచ్చేసరికి మొదటిది జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ జారింది. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ కిటికీ పక్కన, ముఖం వెలుగు వైపు పెట్టి, ఇంకెవరి కోడో వింటోంది.