అట్టల సందులో నా గది

చీర అంచున నెమలి రావాలంటే మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టల దండ తిరగాలి. ఆ అట్టలు కొట్టడం నా పని. మొదట గోరంట్లలో, మా ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టాను. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. అదే నా ధైర్యం. కానీ వాకిట్లో చెప్పుల చప్పుడైతే బేరమేమోనని లేచి చూసేదాన్ని. వచ్చినవాళ్లు దారి అడిగి పోయేవాళ్లు.

చివరికి మా వీధి నేతగాడినే ఆపి, నా దగ్గరికి ఎందుకు రారని అడిగాను.

"పట్టుకీ, జరీకీ, అద్దకానికీ ఎట్లా ధర్మవరం పోతాం గదమ్మా. అట్టలు గూడా ఆడనే కొట్టించుకోని వస్తాం" అన్నాడు.

ఆ పూట అన్నం సయించలేదు. నేనూ ధర్మవరం పోతానంటే నాయన ఒప్పుకోలేదు.

"ఆడ ఒకే సందులో అట్టలు కొట్టేవాళ్లు అంతమంది ఉండారు. వాళ్ల మధ్యన నిన్నెవరు చూస్తారు?"

ఆ భయం నాకూ ఉంది. అయినా పోయాను. ఆ సందులోనే నాకు దొరికిన గదికి గోడ అవతలే, చాలా ఏళ్లుగా అట్టలు కొడుతున్న ఒక పెద్దాయన దుకాణం. మొదటిరోజే ఆయన గడప దగ్గరికొచ్చి నా మిషనును చూశాడు.

"ఈడనే పెట్టల్లనా? ఊర్లో యాడా జాగా దొరకల్యా?" అని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఆయన మిషను టకటకలు వింటూ కూర్చున్నాను. సాయంత్రం గోరంట్ల బస్సెక్కితే, నాయనకు ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ టకటకలు ఆగిపోయాయి. కాసేపటికి పెద్దాయనే, మడకశిర దిక్కు నుంచి వచ్చిన ఒక నేతగాడిని వెంటబెట్టుకొచ్చాడు.

"నా మిషను నిల్చిపోయిండాది. ఈయప్పను ఉత్తచేతుల్తో పంపిస్తే ఇంక ఈ సందుకే రాడు. నువ్వు కొట్టియ్యమ్మా."

మిషను ముందు కూర్చున్నాను. ఒక్క చిల్లు తప్పినా నెమలి మెడ విరిగిపోతుంది. పెద్దాయన పక్కనే నిలబడి ఒక్కో అట్టనూ వెలుతురుకు పట్టి చూశాడు. చివరికి "బాగుండాది" అన్నాడు. ఆ నేతగాడు మళ్లీ వచ్చినప్పుడు ఇంకో ఇద్దరిని తెచ్చాడు.

ఇప్పుడు నా మిషను రోజూ ఆడుతోంది. ఈమధ్య ఎదుటి గదికి సున్నం వేస్తుంటే ఎవరొస్తున్నారని అడిగాను. అట్టలు కొట్టేవాళ్లేనట. ఆ పొద్దు పని మీద మనసు నిలవలేదు.

"రానియ్యమ్మా, సందు పెరిగితే జనం గూడా పెరుగుతారు" అన్నాడు పెద్దాయన.

నాకింకా అంత నమ్మకం రాలేదు. ఎదుటి గదివాళ్లు కరెంటు మిస్త్రీ కోసం వెతుకుతుంటే మాత్రం, పోయి ఆయన ఇల్లు చూపించి వచ్చాను.