మధురలో మూతపడిన నాయనమ్మ నోరు

మా చిన్నప్పుడు మా నాయనమ్మ నోరు తెరిచిందంటే నరసరావుపేటలో మా బజారు బజారంతా తలుపులు దగ్గరగా వేసుకునేది... అలాంటి నోరు ఒక పూటంతా మూతపడిపోవడం నేను కళ్లారా చూశాను.

చచ్చేలోపు ఒక్కసారి మధుర గుళ్లో ఏటా జరిగే మీనాక్షమ్మ పెళ్లి చూడాలన్నది ఆవిడ ఆశ. ఆ వేసవి సెలవుల్లో నాన్న కిరాణా కొట్టుకు తాళం వేసి, నాయనమ్మనీ అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు.

రైలు దిగితే ఏముంది... ఊరు ఊరంతా పెళ్లిల్లే! ఎటు చూసినా అరటిబోదెలు, మల్లెపూలు, సన్నాయి మేళం. వీధి వీధికీ ఇడ్లీల ఆవిర్లు. సత్రాల్లో మాత్రం కాలు పెట్టే చోటు లేదు. చివరికి గుడికి దగ్గర్లో ఒకావిడ తన ఇంట్లో ముందు గది ఇచ్చింది. పేరు ఆండాళమ్మ. అరవై దాటి ఉంటాయి, ఒంటరి మనిషి. మాకు వంట కూడా తనే చేసిపెట్టింది. మాతో మాత్రం అన్నీ సైగలే...

ఇంకేం! అరవావిడకి తెలుగేం తెలుస్తుందిలే అని నాయనమ్మ చెలరేగిపోయింది.

విస్తట్లో సాంబారు పడగానే, "ఏందిది? పానకంలో ములక్కాడలేసి పోసింది! ఈ ఊళ్లో కారం అనేది పుట్టలేదా?" అంది... నవ్వు మొహంతో, ఆవిడ కళ్లల్లోకి చూస్తూ. ఆండాళమ్మ కూడా నవ్వి ఇంకో గరిటె పోసింది.

"ఇంత కొంపలో ఒక్కతే ఉంటది చూడవే. గయ్యాళిదై ఉంటది. దీని నోటికి జడిసి అందరూ పారిపోయుంటారు!"

ఈ మాట అన్నది ఎవరు? మా నాయనమ్మ!

అమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, "ఊరుకోండత్తయ్యా" అంది.

"ఏమే, దానికేమన్నా అర్థమయిద్దా ఏంది?"

మేం మాట్లాడుకునేటప్పుడల్లా ఆండాళమ్మ గుమ్మం దగ్గరే ఏదో ఒక పని పెట్టుకునేది. బియ్యం ఏరడమో, పూలు కట్టడమో. "ఎట్టా నిక్కి నిక్కి చూస్తందో!" అని దానికి కూడా ఒక విసురు.

మర్నాడు పొద్దున పెళ్లి. జనం... జనం... ఎన్ని గుమ్మాలు తిరిగినా పోలీసులు లోపలికి పోనివ్వలేదు. నాన్న బతిమాలినా ఫలితం లేకపోయింది. ఉసూరుమంటూ ఇంటికొచ్చి పడ్డాం. నాయనమ్మ అరుగు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. "ఇంత దూరమొచ్చి అమ్మ పెళ్లికి నోచుకోకపోతినిరా... ఈ జన్మకింతేరా నాకు!"

వంటింట్లోంచి ఆండాళమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏడవాకమ్మా... లెయ్యి. గుడికి పూలిచ్చేవాళ్లు మా చుట్టాలే. నేను తోడుకోని పోతా."

తెలుగు! యాస వేరేగా ఉంది కానీ శుభ్రమైన తెలుగు!

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయనమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. సాంబారు, గయ్యాళి, అన్నీ విన్నదా ఈవిడ? అన్నీ వింటూనే మాకు వడ్డించిందా?

ఆవిడ మాత్రం నాయనమ్మ చెయ్యి పట్టుకుని పూలబుట్టలవాళ్ల వెంట మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. తాళి కట్టే వేళకి మేళం హోరెత్తిపోయింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం చుట్టూ ముత్తయిదువులందరూ తమ మెడల్లో కొత్త పసుపుతాళ్లు వేసుకుంటున్నారు, అమ్మ కూడా వేసుకుంది. నాయనమ్మ కళ్ల వెంట ధారలు.

ఇంటికి రాగానే నాయనమ్మ ఆండాళమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది.

"నా నోట్లో మన్నుపడ! తెలుగొచ్చని ఒక్క మాట చెప్పకపోతివేంది తల్లీ!"

వాళ్ల పెద్దలు ఎన్నో తరాల కిందట తెలుగుదేశం నుంచి అక్కడికి వచ్చినవాళ్లట. వీధిలో అరవం, ఇంట్లో తెలుగూనట.

"మా అమ్మ పోయినాక ఈ ఇంట్లో తెలుగు చెవినబడలేదమ్మా. నువ్వు తిడతా ఉంటే మా అమ్మే తిరిగొచ్చినట్టు ఉండె. నాకు తెలుగొచ్చని తెలిస్తే మాటలు నిలిపేస్తారని... చెప్పలా."

తెలుగు వినడం కోసం తిట్లు పడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

ఆవిడ భయపడినట్టే అయింది. నాయనమ్మ నిజంగానే మాటలు మానేసింది. మంచినీళ్లు కావాలన్నా సైగే! "ఏమన్నా అనమ్మా" అంటూ ఆండాళమ్మ నాయనమ్మ చుట్టూ తిరిగింది. ఊహూఁ...

సాయంత్రం ప్రయాణం. దారిలోకని ఆండాళమ్మ పెరుగన్నం కట్టిచ్చింది. నాయనమ్మ మెట్లు దిగి, నాలుగడుగులు వేసి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఒసేయ్ ఆండాళూ! ఆ చేతులు చూడు, చీపురుపుల్లలు! ఒక్కదాన్నే గదా అని ఏదో ఇంత కతికి పడుకుంటన్నావా? వేళకి వండుకొని తిని చావు! ఈసారి నేనొచ్చేసరికి మనిషివి కాకపోయావో, నీ సంగతి చెబుతా!"

వీధి వీధంతా తిరిగి చూసింది. ఆండాళమ్మ తలుపు పట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మేం మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. నాయనమ్మ మళ్లీ మధుర వెళ్లనేలేదు.

మొన్న మావాణ్ణి అన్నానికి పిలిచి పిలిచి, ఒళ్లు మండి, అచ్చం నాయనమ్మలాగే దులిపేశాను. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తి, "మమ్మీ, స్లోగా చెప్పవా? సగం అర్థం కాలేదు" అన్నాడు.

నరసరావుపేటలో పుట్టి, నరసరావుపేటలోనే పెరుగుతున్నవాడు!

ఆండాళమ్మ ఇంట్లో తెలుగు ఆగిపోవడానికి ఎన్ని తరాలు పట్టిందో... మా ఇంట్లో ఒక్కటి చాలేలా ఉంది.

మీ ఇంటి పెద్దవాళ్ల తిట్లు ఏవైనా గుర్తుంటే కింద రాసిపెట్టండి. రోజుకొకటి చొప్పున మావాడికి వినిపిస్తాను.