దిగినోళ్లెందరు, ఎక్కినోళ్లెందరు

సినిమా చూసేటప్పుడు అందులోని మనుషులను మీరెప్పుడైనా లెక్కపెట్టారా? పెట్టి ఉండరు. అలాగైతే మీరు ఇంతవరకు ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదని మా పోశం కాక నిశ్చితాభిప్రాయం.

చంద్రపూర్‌లోని మా తెలుగు వాడలో పోశం కాకకు ఉన్న పిచ్చి అదొక్కటే. నిజంగా జరిగిన కథ అని మొదట్లోనే ప్రకటించుకుని ఇంటి టీవీలోకి వచ్చే ప్రతి స్ఫూర్తిదాయక చిత్రాన్నీ ఆయన వచ్చిన రోజే చూస్తాడు. కథ ప్రారంభంలో ఎంతమంది ఉన్నారో, ముగింపులో ఎంతమంది మిగిలారో అట్ట మీద పెన్సిలుతో గీతలు గీసి లెక్కతేలుస్తాడు. ఆ లెక్కనే సమీక్షగా మా వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. నటన, సంగీతం, ఛాయాగ్రహణం వంటివి ఆయన అధికార పరిధిలోకి రావు.

ఇందుకు మూలం ఆయన ఉద్యోగం. ముప్పై నాలుగేళ్లు భద్రావతి దిక్కున బొగ్గుబాయిలో పనిచేశాడు, చివరి పందొమ్మిదేళ్లు సర్దారుగా. పాళీ, అంటే షిఫ్టు, మొదట తన వెంట ఎంతమంది బాయిలోకి దిగారో, పాళీ ముగిశాక అంతమందీ పైకి ఎక్కారో లేదో చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టడం సర్దారు విధి. సంతకం పడేదాకా ఆయన ఇంటికి పోవడానికి వీల్లేదు. ఉద్యోగ విరమణ నాడు శాలువా కప్పి సాగనంపారు గాని, ఆ లెక్కను మాత్రం ఆయన చేతిలోంచి ఎవరూ తీసుకోలేదు.

ఆయన సమీక్ష ఎలా ఉంటుందో చెప్పడం కంటె వినిపించడమే న్యాయం.

“రిపోర్టు. దిగినోళ్లు పంతొమ్మిది. ఎక్కినోళ్లు పద్దెనిమిది. ఒక పోరి తక్కువ. గాలి మంచిగుంది. కప్పు గుల్లగుంది. సంతకం, పోశం.”

గాలి మంచిగుందంటే రెండు గంటలు కూర్చున్నా ఊపిరాడుతుందని అర్థం. బాయిలో కర్రతో పైకప్పును తట్టి చూస్తారు, గుల్ల చప్పుడు వస్తే కూలుతుందని గుర్తు. కనుక కప్పు గుల్లగుందంటే కథ ఏ క్షణాన్నైనా నెత్తిన పడవచ్చునని హెచ్చరిక. వాయిస్ మెసేజ్‌కు సంతకం దేనికని నేనొకసారి అడిగాను. సంతకం లేని కాగితం చెల్లదని, న్యాయశాస్త్రం చదివి జిల్లా కోర్టుకు పోయి వచ్చే నాకే ఆయన బోధించాడు.

పై రిపోర్టు ఒక కొండ ఊరి పంతులమ్మ కథ మీద ఇచ్చినది. బడిలో మొదట పంతొమ్మిదిమంది పిల్లలున్నారట, బహుమతులిచ్చే నాటికి పద్దెనిమిదిమందే కనిపించారట.

“ఎర్ర రిబ్బను పోరి ఏది, షెరినూ?” అని కాక నన్ను నిలదీశాడు.

ఆ రోజు షూటింగుకు ఆ పిల్ల రాలేదేమో అన్నాను.

“రాకుంటే పంతులమ్మ హాజిరి పుస్తకంల రాయాలె గద. గామెకు బహుమతి ఎట్లిచ్చిండ్రు?”

మూడు రోజులు ఎర్ర రిబ్బను పిల్ల మా వాడంతటికీ బంధువైంది. జ్వరమొచ్చి ఉంటుందని కొందరు, పెద్దబడికి మారి ఉంటుందని కొందరు ఆయనను ఓదార్చవలసి వచ్చింది.

క్రమంగా మా వాడలో సినిమాల పేర్లు పోయి అంకెలు మిగిలాయి. పర్వతం ఎక్కినవాళ్ల కథ “అయిదుగురిది” అయింది. ఆ అయిదుగురిలో ఒకడి కాలు బెణికి గుడారంలో ఉండిపోతాడు. మిగతా నలుగురూ శిఖరం మీద జెండా పట్టుకుని ఏడుస్తూంటే ఊరంతా వాళ్లతో ఏడ్చింది. పోశం కాక మాత్రం గుడారం సంగతి తేలనిదే కుర్చీలోంచి లేవనన్నాడు. ఇటువంటి చిత్రాల చివర అసలు మనుషుల ఫోటోలు వేస్తారు కదా, వాటిని వేలితో ఎంచాడు. అయిదో ఫోటోలో కుంటికాలివాడు ఇద్దరు పిల్లలను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. “కాలు నయమైంది” అని ఆ రోజు ఆయన పెట్టిన రెండో మెసేజ్‌లో ఒక దీర్ఘమైన నిట్టూర్పు కూడా రికార్డయింది.

పది మంది జాలరుల కథను ఆయన “పదకొండుమందిది” అన్నాడు. పదిమందే కదా అని ఎవరో దిద్దబోయారు.

“కుక్క గూడ దిగింది” అన్నాడు.

కాని ఆయనకు పరమశత్రువు ఆ యాప్. చివరి పేర్లు పడుతూండగానే తెర మూలకు కుంచించుకుపోయి, పది అంకెలు లెక్కపెట్టి, తరువాతి సినిమా తనంతట తానే మొదలవుతుంది. “ముందు పాళీ ఎక్కకముందే ఇంకో పాళీని దింపుతుండు. గిట్లనే పానాలు పోతయి” అని ఆయన కంపెనీ పేర ఫిర్యాదు రాయించుకున్నాడు. రాసినది నేనే. జవాబు రాలేదు.

ఇక వినాయక్. బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం అతనిది, గ్రూపు పెత్తనమూ అతనిదే. సినిమాను సినిమాగా చూడాలనే పట్టుదల గలవాడు. వారమంతా ఎదురుచూసిన చిత్రం ముగింపును పోశం కాక శుక్రవారం మధ్యాహ్నమే చాటుతూంటే అతను నాలుగేళ్ల పాటు పళ్లు బిగబట్టాడు. ఒకనాడు ఓర్పు నశించి మా ఇంటికి వచ్చాడు.

“బస్ ఝాలా, ఇగ చాలు, వకీలమ్మా. చివరికి ఎవరెవరు బతుకుతరో తెలిసినంక నేను రెండు గంటలు దేనికి చూడాలె? నువ్వొక రూల్ రాయి.”

రూలు రాయమని అడిగితే కాదనే శక్తి నాకు లేదు. వాయిదా అన్న మాట వింటేనే ఒళ్లు మండే వయసు నాది. ఒక్క సాయంత్రంలో పదకొండు నిబంధనల నియమావళి సిద్ధమైంది. నాలుగో నిబంధన: చిత్రాంతమును వెల్లడించిన సభ్యుని, ఏడు రోజుల నోటీసు పిమ్మట, గ్రూపు నుండి తొలగించవచ్చును. నోటీసును నేనే స్వయంగా తీసుకువెళ్లాను.

పోశం కాకకు మరాఠీ చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు సరిగా రావు. అందుచేత ఆయన మీద నేను రాసిన నోటీసును ఆయనకు నేనే చదివి వినిపించవలసి వచ్చింది. శ్రద్ధగా విన్నాడు.

“మంచిగ రాసినవ్ బిడ్డా. సంతకం ఎంతమంది పెట్టిండ్రు?”

“ముగ్గురు.”

“గ్రూపుల రెండువందల పదిమంది ఉన్నరు. మిగిలినోళ్లు?”

ఆయన ఏదో ఒక వాదన చేస్తాడని, దాన్ని నేను ఖండించవచ్చునని ఆశపడ్డాను. ఆయన “సరే. ఆపుత” అన్నాడు. ఇంత తేలికగా గెలిచిన కేసు నా జీవితంలో లేదు. ఆ సంతోషంలో, ఎదుటిపక్షం సాక్ష్యం ఒక్కటీ వినకుండా తీర్పు వచ్చిన సంగతి నాకు తట్టలేదు.

అది మే నెల. కోర్టుకు సెలవులు. ఎండకు వాడలో పిట్ట కూడా బయటికి రాని రెండవ శుక్రవారం మధ్యాహ్నం, గొడుగు వేసుకుని దీనమ్మత్త మా ఇంటికి వచ్చింది. మా చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఆమె కొడుకు రాబిన్సన్ బాయిలో పనిచేస్తాడు.

“షెరినూ, పోశమన్నకు పానం మంచిగ లేదా? రిపోర్టు రాలే.”

నియమం ప్రకారం ఆపేశాడని కొంత గర్వంగానే చెప్పాను. ఆమె గొడుగు మూయడం మరిచిపోయి నిలబడింది.

“సొరంగం సినిమా వచ్చింది కదనే. మట్టి కూలి లోపల ఇరికినోళ్ల కథ. కోడలు, పిల్లలు పెట్టుకున్నరు. నేనెట్ల చూడాలె?”

చూడకపోతే సరి కదా అన్నాను.

“కండ్లు మూసుకుంట. చెవులెట్ల మూసుకోను? ఓడిపోయినోడు గెలిచే కథలంటే నాకూ ఇష్టమేనాయె.”

తరువాత ఆమె కూర్చుని చెప్పినది ఇది. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఇటువంటి కథే చూస్తూండగా అందులో ఒక కుర్రవాడు బాయిలోంచి పైకి రాలేదు. ఆమెకు గుండె నిలవలేదు. రాబిన్సన్‌ది అప్పుడు పొద్దుటి పాళీ. వంటింటి చెప్పులతోనే ఆటో ఎక్కి బాయి గేటు దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రోజు రాబిన్సన్‌కు గంటసేపు ఎక్కువ పని పడింది. నాలుగు దాటినా రాడు. అప్పటికి విరమణకు కొద్దిరోజులే మిగిలిన సర్దారు పోశం కాక ఎందుకొచ్చావని ఆమెను అడగలేదు. దీపాల గది కిటికీ దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాడు. బాయిలోంచి ఎక్కిన ప్రతి మనిషీ తన దీపాన్ని అక్కడ అప్పజెప్పి, తన నంబరు కొక్కేనికి తగిలిస్తాడు. ఒక్కొక్క దీపం వచ్చి తగులుతూంటే ఆయన ఆమె పక్కన నిలబడి పైకే లెక్కపెట్టాడు. ఇరవై ఆరో దీపం రాబిన్సన్‌ది.

ఆ మరుసటి శుక్రవారమే ఆయన మొదటి రిపోర్టు గ్రూపులోకి వచ్చింది.

“నేనొక్కదాన్నే కాదు. బాయికి పోయేటోళ్ల తల్లులం, పెండ్లాలం, పదకొండుమందిమి ఉన్నం. పోశమన్న రిపోర్టు వినే టీవీ పెడ్తం. అందరు ఎక్కిండ్రంటే నిమ్మలంగ చూస్తం. ఒకలు తక్కువున్నరంటే ఆ పూట మాకు కుట్టుపని ఉంటది.”

నేను ఆ ఎండలోనే పోశం కాక ఇంటికి నడిచాను. కూలర్ ముందు, ఆపేసి ఉన్న టీవీని చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదని, చెప్పి ఉంటే నోటీసు చింపేసేదాన్ని కదా అని, వాళ్ల పదకొండుమందికే విడిగా పంపినా సరిపోయేది కదా అని, మూడు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగాను.

“ఇడిగ పంపితే భయపడేటోళ్ల పేర్లు పదకొండు బయట పడ్తయి. రెండువందల మందికి పంపితే పిచ్చోడి పేరు ఒక్కటే బయట పడ్తది. ఏది తక్కువ?”

లెక్క సరిగానే ఉంది. దీనమ్మత్త చెప్పినది ఇంకెవరికీ చెప్పనని మాటిచ్చి బయటికి వచ్చాను.

కాని దీనమ్మత్త నాకు ఏ మాటా ఇవ్వలేదు. శనివారం పొద్దున్నే గ్రూపులో ఆమె గొంతు వినిపించింది. “పోశమన్నా, సొరంగం సినిమాల అందరు ఎక్కిండ్రా? చెప్తెనే చూస్త. నాకు భయం.” పది నిమిషాల తరువాత మరొక గొంతు, “నాకు గూడ.” మధ్యాహ్నానికి పదకొండు గొంతులయ్యాయి. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ అలవాటు నాకూ అంటుకుందని అప్పుడు గమనించాను.

పన్నెండో గొంతు ఎవరి లెక్కలోనూ లేనిది. వినాయక్ తల్లి సుభాషిణమ్మది.

“ఎక్కిండ్రా, పోశం? నేను గూడ అడుగుతున్న.”

వినాయక్ వెంటనే రాశాడు, “ఆయీ, నువ్వు గూడనా?”

“నువ్వు దుకాన్ల కూసుంటవ్. బాయిల దిగే నీ తమ్ముడు కూసుంటడా?”

ఆ పిమ్మట వినాయక్ నియమావళిని తొలగించాడు. నేను నోటీసును ఉపసంహరిస్తున్నట్టు విధివిధానంగా ప్రకటించాను. సినిమా చూసేదాకా శుక్రవారాల్లో గ్రూపు తెరవకుండా ఉండటానికి వినాయక్ తనంతట తానే ఒప్పుకున్నాడు. నాలుగేళ్ల పాటు ఆ పరిష్కారం ఎవరికీ తోచకపోవడం విచిత్రం.

ఆ సాయంత్రం వాడంతా ఫోన్లు చేతబట్టుకుని ఎదురుచూసింది. అయిదున్నరకు వచ్చింది.

“రిపోర్టు. దిగినోళ్లు పదిహేడు. ఎక్కినోళ్లు పదిహేడు. గాలి తక్కువుంది, సొరంగం గద. కప్పు గట్టిగుంది. సంతకం, పోశం.”

నిమిషంలో పన్నెండు ఇళ్లలో ఒకే సినిమా మొదలైంది. వీధిలో నడిచేవాళ్లకు ఒకే సంభాషణ ఇంటింటికీ కాస్త ఆలస్యంగా వినిపించింది. ఇరుక్కున్నవాళ్లలో మొదటివాడు పైకి వచ్చినప్పుడు మాత్రం కేకలన్నీ కలిసిపోయాయి.

మర్నాడు చర్చి అయ్యాక దీనమ్మత్త డబ్బాలో మామిడికాయ తొక్కు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పోశం కాక ఇంటికి పోయింది. కృతజ్ఞతలు చెప్పే మనిషి కాదామె. సూటిగా ఒక ప్రశ్న వేసింది.

“మాకు నువ్వు ముందుగాల చెప్తవ్. నువ్వు చూసేటప్పుడు నీకు ఎవరు చెప్తరన్నా?”

పోశం కాక తొక్కు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం, ఎంతమంది ఎక్కుతారో తెలియని ప్రతి కథలోకీ, అందరికంటె ముందు ఒంటరిగా దిగింది ఆయనే. పందొమ్మిదేళ్ల సర్దారు పనిలో తన లెక్క ఒక్కసారైనా తప్పలేదని చెప్పుకునే మనిషి, దిగిన తనను మాత్రం లెక్కలో వేసుకోలేదు.

తరువాతి శుక్రవారం ఆయన ఇంట్లో కూలర్ ముందు పన్నెండుమంది ఆడవాళ్లు, నేను. వరదలో పడవ నడిపిన ఒక పిల్ల కథ. యాప్ తెరవకముందు ఆయన తన అట్టను, పెన్సిలును దీనమ్మత్త ఒళ్లో పెట్టాడు.

“ఛార్జి తీస్కో. ఇయ్యాల్టి నుంచి పాళీకి ఒకరు రాస్తరు.”

“తప్పిపోతే?”

“మల్ల మొదటికెళ్లి చూద్దాం. సినిమానే గద, మనుషులు యాడికి పోరు.”

“కుక్క ఉంటే?”

“దిగితె రాయాలె.”

ఇరవై నిమిషాలు గడిచాక ఆయన నా వైపు వంగి, పడవ పిల్ల మంచిగా నటిస్తున్నది కదా అని రహస్యంగా అన్నాడు. నటన గురించి ఆయన నోట విన్న మొదటి మాట అది.

సినిమా అయిపోయింది. యాప్ పది అంకెలు మొదలుపెట్టేలోపే పన్నెండు చేతులు రిమోట్ మీద పడ్డాయి. దీనమ్మత్త రెండుసార్లు గీతలు కూడి, ఫోనులో రిపోర్టు చదివింది. దిగినోళ్లు తొమ్మిది, ఎక్కినోళ్లు తొమ్మిది, ఒక మేకపిల్లతో కలిపి. చివర సంతకం కోసం ఫోనును పోశం కాక ముందు పెట్టింది.

ఆయన దాన్ని మెల్లగా ఆమె వైపే జరిపాడు.

“నువ్వే పెట్టు, దీనమ్మా. నా పాళీ అయిపోయింది. నేనింటికి పోత.”

అప్పటికే ఆయన తన ఇంట్లో, తన కుర్చీలో, చెప్పులు విడిచి కూర్చుని ఉన్నాడు.